దంతవైద్యమునకు తగ్గింపు కార్డులు: రైతు వేసికొనవలసిన లెక్క

ఏటేట కొంత రుసుము కట్టి చేరినచో దంతవైద్యమున నూటికి ఇరువదియో ముప్పదియో తగ్గింతుమని చెప్పు సభ్యత్వపు కార్డులు పట్టణములనుండి పల్లెలకును వచ్చుచున్నవి. వీనిని కొనవచ్చునా యని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. మేము సేద్యపు పనులు చూపువారమే గాని దంతవైద్యులము గాము. ఐనను ఇది వైద్యముకంటె లెక్కకు ఎక్కువ సంబంధించిన విషయము గావున, ఎరువు కొనునప్పుడు వేయు లెక్కనే దీనికిని వేసి చూపుచున్నాము.

మొదట తెలియవలసినది, ఈ కార్డు బీమా కాదు. పాడియావుకు బీమా చేయించినచో, ఆవు చచ్చిననాడు కంపెనీ సొమ్ము చెల్లించును. తగ్గింపు కార్డు అమ్మినవారు వైద్యునకు దమ్మిడీయైనను చెల్లింపరు. వైద్యుడు తన ధరలో కొంత మానుకొనును. తక్కినదంతయు రోగియే అప్పటికప్పుడు ఇచ్చుకొనవలయును. అమెరికాలో నున్న మన పిల్లలు ఇట్టి కార్డులను మెచ్చుకొని తల్లిదండ్రులకు చెప్పుట కలదు. అక్కడ దంతవైద్యపు ధరలు మిక్కిలి హెచ్చు. బీమా యున్నను ఏటికి ఇంతవఱకే యని హద్దు పెట్టుదురు. ఆ హద్దు దాటినవారికి కార్డు కొంత అక్కఱకు వచ్చును. అక్కడ చెల్లిన లెక్క పీలేరులోను పలమనేరులోను చెల్లునని తలంపరాదు.

ఇక లెక్క. మాటవరుసకు కార్డు వెల వేయి రూపాయలనుకొందము. తగ్గింపు నూటికి ఇరువది. ఆ యేడు అయిదువేల రూపాయల వైద్యము చేయించుకొన్ననే కార్డు వెల తిరిగి వచ్చును. అంతకు తక్కువైనచో నష్టము. ఏ బాధయు లేక యేడు గడచినచో వేయియు పోయినట్లే. ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి. తగ్గింపు దేనిమీద? ఒకచోట ఆరువేలని చెప్పి నూటికి ముప్పది తగ్గించినచో నాలుగువేల రెండువందలగును; కార్డు వెల కలిపిన అయిదువేల రెండువందలు. ప్రక్క వీధిలో కార్డు లేకయే ఆ పనిని నాలుగువేలకు చేయువాడుండవచ్చును. మదనపల్లె మండీలో టమోటాకు పలికిన ధర వేఱు, చేతికి వచ్చిన సొమ్ము వేఱు అని యెఱిగిన రైతునకు ఇది బోధపఱుపనక్కఱలేదు. నూటికి ఎంత యని అడుగక, చివరకు ఎన్ని రూపాయలని అడుగవలయును.

చాల కార్డులలో పరీక్షయు ఛాయాచిత్రమును ఉచితమని పెద్ద యక్షరములతో నుండును. పంటికి తొడుగు వేయుట, కట్టుడు పండ్లు మొదలగు ఖరీదైన పనులకు తగ్గింపు వర్తించునా, తొడుగు తయారుచేయు పనిశాల ఖర్చు వేఱుగా తీసికొందురా, కుటుంబమున ఎందఱికి చెల్లును, ఏ యూరిలో చెల్లును అను సంగతులు చిన్న యక్షరములలో నుండును. ఆ చిన్న యక్షరములను చదువు వచ్చిన పిల్లవానిచేత చదివించుకొని గాని రుసుము కట్టరాదు. చేతివ్రాత రసీదు గాక అచ్చు రసీదు తీసికొనవలయును. వైద్యము చేయువాడు దంతవైద్యుడుగా నమోదైనవాడా యని అడుగుటయు తప్పుగాదు. 1948 నాటి చట్టమునుండి ఆ నమోదు మన దేశమున విధింపబడి యున్నది.

అయితే సొమ్ము నిజముగా మిగులు చోటు కార్డులో లేదు. పంటిలో పురుగు పడినదందురు గాని అక్కడ కంటికి కనబడు పురుగేదియు లేదు. బెల్లము, చక్కెర, మిఠాయి మొదలగువాని శేషము పాచిలో నిలిచినప్పుడు సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఆమ్లము చేయును. ఆ యామ్లము పంటి పైపొరను కరగించును. పైపొరలో నున్నంతకాలము నొప్పి యుండదు. లోపొర చేరినప్పుడు చల్లనిది, తీయనిది తగిలిన జివ్వుమనును. ఈ దశలో గుంట పూడ్పించిన కొద్దిపాటి ఖర్చుతో పోవును. నరము చేరిన పిమ్మట రాత్రులు నిద్రయుండదు. అప్పుడు నరపు వైద్యము, తొడుగు, లేదా పన్ను తీసివేయుట. లవంగ నూనె నొప్పిని కొంతసేపు అణచును, రోగమును కాదు. నొప్పి తనంతట తగ్గినదని సంతోషించువారు కలరు. పెక్కుసార్లు అది నరము చచ్చుటయే గాని నయమగుట గాదు, క్రింద చీము చేరుచుండును. చెఱకునకు ఎఱ్ఱకుళ్లు తగిలినప్పుడు పైయాకు పచ్చగా నున్నదని ఊరకుందుమా?

పూటకొకసారి, ముఖ్యముగా రాత్రి పరుండబోవు ముందు, ఫ్లోరైడు గల పేస్టుతో తోముకొనుట చాలును. వేపపుల్ల మంచిదే, ఇటుకపొడియు బొగ్గుపొడియు పంటిని అరగదీయును. వక్కాకుతో పొగాకు నమలువారు నోట తెల్లమచ్చగాని రెండు వారములకును మానని పుండుగాని చూచినచో, ఏ కార్డుకొఱకును కాచుకొనక వెంటనే వైద్యునకు చూపవలయును.

ఖర్చు తగ్గించుకొనదలచువారు మొదట ప్రభుత్వ ఆసుపత్రిలో దంతవైద్యుడు వచ్చు దినములను విచారింపవలయును. తిరుపతిలో దంతవైద్య కళాశాలయు కలదు. ఇట్టి కళాశాలలలో విద్యార్థులు ఉపాధ్యాయుల యెదుట పని చేయుదురు. సాధారణముగా రుసుము తక్కువ, పట్టు కాలము ఎక్కువ. నాలుగుసార్లు పోవలసివచ్చినచో నాలుగు దినముల కూలియు బస్సు చార్జీయు లెక్కలో చేర్చుకొనవలయును. చిత్తూరు ప్రాంతమువారికి వేలూరు క్రైస్తవ వైద్యశాల దగ్గఱ.

సహకార సంఘములు వైద్యమున ఏమి చేయగలవో పొరుగుననే నిదర్శనము కలదు. కర్ణాటకమున 2003లో మొదలైన యశస్విని పథకమున సహకార సంఘముల రైతులు మొదట మనిషికి ఏటికి అరువది రూపాయలు కట్టిరి. లక్షలమంది ఒక్కటై యుండుటచేత శస్త్రచికిత్సలకు ఆసుపత్రులు ముందుగానే ధర నిర్ణయించుకొనెను. అది 2018లో నిలిచి 2023లో మరల ఆరంభమయ్యెను. అది పండ్లకొఱకు పుట్టినది గాదు, బీమావంటిది. కాని మందిని చూపి ధర అడుగుట అను పద్ధతి మనకును పనికివచ్చును. కార్డు అమ్మువాడు చేయునదియు అదియే. మన సంఘ కార్యదర్శియే రెండు మూడు దంతవైద్యశాలలకు పోయి, పన్ను తీయుటకు, గుంట పూడ్చుటకు, గార తీయుటకు, నరపు వైద్యమునకు, తొడుగునకు మా సభ్యుల కింతయని వ్రాసి యిండని అడుగవచ్చును. ఆ కాగితములను సంఘ కార్యాలయపు గోడకు, ఎరువుల ధరల పట్టిక ప్రక్కనే, అంటించినచో ఏ కార్డు చౌక యగునో సభ్యులే చూచుకొందురు.