గుర్రం అరువిచ్చిన విరుగుడు

బెల్లంకొండ చుట్టుపక్కల మిరప, పత్తి చేలకు చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతుకు పాముల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి: మన దేశంలో పాముకాటు చావుల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటి పుణ్యమే. నాలుగింటికీ కలిపి సర్కారు ఆసుపత్రిలో దొరికే ఇంజెక్షన్ ఒక్కటే. ఆ సీసా నిండా గుర్రం ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు.

ఈ పద్ధతికి పుట్టిల్లు బెర్లిన్. ధనుర్వాతం, కంఠసర్పి విషాలకు తట్టుకున్న జంతువు సీరం మరో జంతువుకు ఎక్కిస్తే దాన్నీ కాపాడుతుందని 1890లో బేరింగ్, కితసాతో అనే శాస్త్రవేత్తలు చూపించారు. అదే దారిలో ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ 1895 నాటికి నాగుపాము విషానికి సీరం తయారు చేశాడు. ఒక్క సీరంతో అన్ని పాముల పనీ పట్టవచ్చని ఆయన నమ్మకం. మన దేశంలో జార్జ్ లాంబ్ అనే వైద్యుడు పరీక్షించి చూస్తే రక్తపింజరి దగ్గర ఆ పాచిక పారలేదు. (ఈ పాముకు ఇంగ్లీషులో తన పేరు మిగిల్చిన ప్యాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. 1796లో అచ్చయిన పుస్తకంలో దాని తెలుగు పేరు ‘కాటుక రేకుల పొడ’ అనే రాసుకున్నాడు.)

పాచిక ఎందుకు పారలేదో యాంటీబాడీ ఆకారం చూస్తే తెలుస్తుంది. ఇమ్యూనోగ్లోబ్యులిన్ జి అనే ఈ ప్రోటీన్ ఇంగ్లీషు ‘వై’ అక్షరంలా ఉంటుంది. దాని రెండు చేతుల కొసలు తమకు సరిపోయిన విషపు అణువునే పట్టుకుంటాయి. నాగుపాము విషంలో ఉండేవి నరం నుంచి కండరానికి కబురు అందకుండా చేసే చిన్న ప్రోటీన్లు. రక్తపింజరి విషంలో ఉండేవి రక్తంలోని గడ్డకట్టే సరుకునంతా ఖర్చు చేసేసే ఎంజైములు. ఒకదాని కోసం పుట్టిన చేతికి రెండోది చిక్కదు. అందుకే ఇప్పుడు గుర్రానికి నాలుగు విషాలూ ఎక్కిస్తారు.

మన ఒంట్లో బి కణాలూ యాంటీబాడీలు తయారు చేయగలవు. కానీ కొత్త విషానికి ఆ పని పూర్తయ్యేసరికి వారం దాటుతుంది, కట్లపాము అంత గడువివ్వదు. గుర్రానికైతే కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ నెలల తరబడి అలవాటు చేయవచ్చు. ఈ యాంటీబాడీలు పొరుగువాడి దగ్గర అరువు తెచ్చుకున్న కాడెద్దుల్లాంటివి: ఈ దుక్కికి సరిపోతాయి, మన దొడ్లో ఉండిపోవు. వచ్చే ఏడు మళ్లీ కాటు పడితే మళ్లీ సీసాలు కావాల్సిందే.

గుర్రాలకు ఎక్కించే విషం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన, పాములు పట్టే ఇరుళ తెగవారి సహకార సంఘం నుంచి వస్తుంది. విరుగుడు తయారు చేసే సంస్థల్లో హైదరాబాద్ దగ్గరి విన్స్ బయోప్రొడక్ట్స్ ఒకటి. గుర్రపు ప్లాస్మాలోని యాంటీబాడీలను పెప్సిన్ అనే ఎంజైముతో కోసి ‘వై’ తోక తీసేస్తారు, చేతులు రెండూ మిగులుతాయి. అయినా అది పరాయి ప్రోటీనే. ఒళ్లు దద్దుర్లెక్కి, రక్తపోటు పడిపోవచ్చు. అందుకే పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకునే డాక్టరు ఈ మందును సెలైన్‌లో కలిపి ఎక్కిస్తాడు.

మోతాదు లెక్క నాకు మహా ఇష్టం. రక్తపింజరి సగటున 63 మిల్లీగ్రాముల విషం వదులుతుంది. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాములను అణుస్తుంది. పది మిల్లీలీటర్ల సీసాలు పది అంటే 60 మిల్లీగ్రాములు. మొదట పది సీసాలు ఎక్కించాలన్న మాట అక్కడి నుంచి వచ్చింది. పసివాడికీ అంతే, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం వదలదు.

ఈ మందుతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీశాక యాంటీబాడీ వాటిని బాగుచేయలేదు, అప్పుడు వెంటిలేటరే దిక్కు. మంత్రగాడి దగ్గర గడిచిన గంటలు ఇక్కడే ప్రాణం మీదికి తెస్తాయి. రెండోది, రక్తపింజరి విషం ఊరికో రకం. తమిళనాడు పాములతో చేసిన మందు దేశమంతటా ఒకేలా పనిచేయదని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కార్తీక్ సునగర్ బృందం చూపించింది.

అదే బృందం అమెరికాలోని స్క్రిప్స్ సంస్థతో కలిసి 2024లో గుర్రంతో పనిలేని, ప్రయోగశాలలో రూపొందించిన మానవ యాంటీబాడీని ప్రకటించింది. నాగుపాము, కట్లపాము, ఆఫ్రికా బ్లాక్ మాంబాల నరాల విషాల్లో ఒక పెద్ద తరగతిని అది ఎలుకల్లో అడ్డుకుంది. పింజరి విషం మీద అది పనిచేయదు. కాబట్టి గుర్రాలకు ఇప్పట్లో సెలవు దొరికేలా లేదు.