మానాలని ఉంది, మానలేకపోతున్నాను



ఆదివారం ఆరాధనలో ఒక తాపీమేస్త్రి కన్నీళ్లతో ముందుకు వచ్చి మోకరించాడనుకుందాం. ఇరవై ఏళ్లుగా రోజూ త్రాగుతున్న మనిషి. "ఇక ముట్టను ప్రభువా" అని అందరి ఎదుట తీర్మానం చేసుకున్నాడు. సోమవారం ఉదయానికే చేతులు వణికి తాపీ పట్టుకోలేకపోయాడు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. బుధవారం రాత్రి గోడలమీద పురుగులు ప్రాకుతున్నాయని కేకలు వేశాడు, భార్యను కూడా గుర్తుపట్టలేదు. ఇరుగుపొరుగువారు దయ్యం పట్టిందన్నారు. విశ్వాసులలో కొందరు అతని తీర్మానంలో నిజం లేదన్నారు. భార్యకు మాత్రం ఒకటే ఆలోచన: మళ్లీ కాస్త పోస్తే తగ్గుతుందేమో!

ఇటువంటి కుటుంబాలు ఆసుపత్రికి కొత్త కాదు. వారికి రెండు ప్రశ్నలు ఉంటాయి. ఇతని శరీరానికి ఏమైంది? ఇతని విశ్వాసానికి ఏమైంది? ఈ రెండింటికీ జవాబు తెలుసుకుందాం.

శరీరంలో జరిగినదేమిటి?

మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ ఎక్కువగా త్రాగేవారి మెదడు దానిని తట్టుకోవడానికి ఏళ్ల తరబడి ఎక్కువ వేగంతో పనిచేయడం అలవాటు చేసుకుంటుంది. మద్యాన్ని ఒక్కసారిగా ఆపినా ఆ వేగం మాత్రం వెంటనే తగ్గదు. అందుకే కొన్ని గంటలలోనే వణుకు, చెమటలు, గుండెదడ, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. దీనిని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

కాబట్టి మన మేస్త్రికి పట్టింది దయ్యం కాదు. అతని విశ్వాసం బలహీనమైనదీ కాదు. అతనికి కావలసింది ఆసుపత్రి పడక. అక్కడ మెదడును శాంతపరచే మందులు ఇచ్చి, కొద్ది రోజులలో వాటిని క్రమంగా తగ్గిస్తారు. విటమిన్ బి1, అంటే థయమిన్ కూడా ఇస్తారు. ఏళ్ల తరబడి త్రాగేవారిలో ఇది బాగా తగ్గిపోయి ఉంటుంది. అటువంటివారికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మెదడుకు హాని కలిగే ప్రమాదం ఉంది. అందుకే నీరసమని చెప్పి ఇంటి దగ్గరే గ్లూకోజ్ ఎక్కించుకోవడం మంచిది కాదు.

జ్వరము, జ్వరానికి మూలము

ఇక రెండవ ప్రశ్న. పాపములు వేరు, పాప స్వభావము వేరు. జ్వరం వచ్చినవాడికి మాత్ర ఇస్తే ఒళ్లు చల్లబడుతుంది. కాని లోపల ఉన్న టైఫాయిడ్ అలాగే ఉంటే సాయంత్రానికి మళ్లీ ఒళ్లు కాలుతుంది. మనం చేసే తప్పులు ఆ జ్వరంలాంటివి. వాటిని పుట్టించే స్వభావం లోపలి రోగంలాంటిది. మన సొంత తీర్మానాలు జ్వరం మాత్రలవంటివి. కొంతసేపు పనిచేస్తాయి, అంతే.

మరి ధర్మశాస్త్రం సంగతేమిటి? అది థర్మామీటరు వంటిది. జ్వరం ఎంత ఉన్నదో ఖచ్చితంగా చూపిస్తుంది. కాని థర్మామీటరును ఎన్నిసార్లు నోట్లో పెట్టుకున్నా జ్వరం తగ్గదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 7వ అధ్యాయంలో పౌలు చెప్పేది ఇదే. మేలు చేయాలన్న కోరిక తనలో ఉన్నా చేసే శక్తి లేదని, తనకు అసహ్యమైన పనినే తాను చేస్తున్నానని ఆయన బాధపడతాడు. ఆ వేదన త్రాగుడుతో పోరాడే ప్రతివానికీ తెలుసు. "మానాలని ఉంది, మానలేకపోతున్నాను" అన్న మాట డాక్టరుగారి గదిలోనూ వినిపిస్తుంది, పాస్టరుగారి గదిలోనూ వినిపిస్తుంది.

అయితే పౌలు అక్కడే ఆగిపోలేదు. తనను విడిపించేది యేసుక్రీస్తేనని కృతజ్ఞతతో ఒప్పుకున్నాడు. క్రీస్తునందున్నవారికి శిక్షావిధి లేదన్న శుభవార్తతో 8వ అధ్యాయం ప్రారంభించాడు. గెలుపు మన పట్టుదలలో మొదలవదు, ఆయన కృపలో మొదలవుతుంది.

పాపమా, రోగమా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. మన భాషలో "త్రాగుడుకు బానిస" అంటాము. రోమా 6వ అధ్యాయంలో పౌలు పాపాన్ని గూర్చి మాట్లాడినప్పుడు కూడా దాసత్వం అనే పోలికనే వాడాడు. బానిసకు సంకెళ్లు ఉంటాయి, వాటిని తెంచడానికి మరొకరి సహాయం కావాలి. మెదడులో జరిగిన మార్పులు అటువంటి సంకెళ్లే. ఆ భాగానికి వైద్యం అవసరం.

అయినా "నాది రోగం, నేనేం చేయను?" అని తప్పించుకోవడానికి వీలులేదు. కూలి డబ్బు త్రాగేయడం, అబద్ధం చెప్పడం, భార్యాబిడ్డలను కొట్టడం పాపాలే. వాటికి పశ్చాత్తాపం కావాలి, చేసిన నష్టాన్ని చేతనైనంత సరిదిద్దుకోవాలి. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని అదే అధ్యాయంలో పౌలు ప్రశ్నించి, ఎంతమాత్రం కూడదన్నాడు. దెబ్బలు తినే భార్యతో "కృపతో సహించమ్మా" అని చెప్పి పంపేయడం కూడా సువార్త కాదు. ఆమెకు ముందు రక్షణ కల్పించాలి.

ఒక్కసారి జరిగేది, దినదినము జరిగేది

విశ్వసించిన పాపిని దేవుడు తన కృపచేత నీతిమంతునిగా తీర్చుతాడు. ఇది మన క్రియలను బట్టి సంపాదించుకునేది కాదు. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం దీనిని స్పష్టంగా బోధిస్తుంది. కాని పరిశుద్ధపరచబడటం దినదినము జరిగే పని. అదే పత్రిక 4వ అధ్యాయంలో పాత స్వభావాన్ని విడిచి నూతన స్వభావాన్ని ధరించుకోవాలని పౌలు చెప్పినది ఎవరికి? అప్పటికే విశ్వాసులైనవారికి! ఆ పోరాటం ఇంకా ఉందంటే రక్షణ లేదని అర్థం కాదు. చచ్చిన శరీరం రోగంతో పోరాడదు, బ్రతికి ఉన్న శరీరమే పోరాడుతుంది.

జాన్ న్యూటన్ జీవితాన్ని చూడండి. ఈ ఇంగ్లాండు దేశపు నావికుడు 1748లో సముద్రంలో తుపానులో చిక్కి దేవునికి మొరపెట్టాడు. తన మార్పు ఆనాడే ఆరంభమైందని చెప్పుకున్నాడు. అయినా ఆ తరువాత కూడా బానిసలను రవాణా చేసే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. 1754లో అనారోగ్యం వల్ల సముద్రయానం మానాడు, తరువాత బోధకుడయ్యాడు. 1788లో ఆ వ్యాపారపు ఘోరాలను, అందులో తన పాలును బహిరంగంగా ఒప్పుకుంటూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. తుపాను నుండి ఆ ఒప్పుకోలు వరకు నలభై ఏళ్లు పట్టింది. కృప అతణ్ణి ఆలస్యంగానైనా పూర్తిగా వెలుగులోకి తెచ్చింది.

పడినవాడు ఎక్కడికి వెళ్లాలి?

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యక్తి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలుసుకున్నారు. ఇద్దరూ మద్యానికి బానిసలే. ఇద్దరికీ అప్పటికే ఒక క్రైస్తవ సహవాసంతో పరిచయం ఉంది. వారి కలయిక నుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. బిల్‌తో పరిచయమైన కొద్ది వారాలకే డాక్టరుగారు ఒక వైద్యుల మహాసభకు వెళ్లి మళ్లీ విపరీతంగా త్రాగారు. బిల్ ఆయనను విడిచిపెట్టలేదు. జూన్ 10న ఆయన తన చివరి గ్లాసు త్రాగారని, ఆ దినాన్నే తమ ఆరంభదినంగా ఆ సంస్థవారు లెక్కిస్తారు. గమనించారా? వారి ఆరంభం ఒక పతనం తరువాతే వచ్చింది.

వారి మొదటి మెట్టు కూడా ఆలోచించదగినది: మద్యం ముందు నేను శక్తిహీనుడనని ఒప్పుకోవడం. విశ్వాసానికి ద్వారం అదే గదా! ఒట్టి చేతులు చాచినవాడే కృపను పొందగలడు.

మనము చేయవలసినవి

1. రోజూ త్రాగేవారు హఠాత్తుగా మానకూడదు. మానే ముందే డాక్టరును కలవాలి. ఆదివారం తీర్మానం చేసుకున్నవారిని ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ప్రార్థించిన చేతులతోనే ఆటో పిలవండి.

2. ఫిట్స్, మతిభ్రమ, తీవ్రమైన వణుకు కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

3. త్రాగుడు మాన్పించే మందును కూరలో గాని కాఫీలో గాని రహస్యంగా కలపవద్దు. డైసల్ఫిరామ్ వంటి మందు లోపల ఉండగా త్రాగితే ప్రాణం మీదికి వస్తుంది. రోగికి చెప్పి, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

4. మళ్లీ పడిపోతే దాచవద్దు. ఆ రోజే డాక్టరుకు, నమ్మకమైన ఒక విశ్వాసికి చెప్పండి. నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడని సామెతల గ్రంథం 24వ అధ్యాయం మనకు ధైర్యం చెబుతుంది.

5. సంఘము తొందరపడి అతనిని వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించవద్దు. దానికి బదులు జీతం అందే రోజు సాయంత్రం ఒక సహోదరుడు అతనితో కలిసి ఇంటిదాకా నడిచి వెళ్తే చాలు.

గలతీ పత్రిక 5వ అధ్యాయంలోని ఆత్మఫలాల పట్టికలో చివరిది ఆశానిగ్రహము. అది ఫలము. ఫలం చెట్టుమీద ఒక్క రాత్రిలో పండదు. నీరు పోయాలి, కంచె వేయాలి, కనిపెట్టాలి. ఎదిగించేవాడు దేవుడే.

మన మేస్త్రి చికిత్స ముగించుకొని వచ్చే ఆదివారం మళ్లీ మందిరానికి వస్తాడు. చేతులు ఇంకా కొంచెం వణుకుతుండవచ్చు. ఆ చేతిని పట్టుకొని మన ప్రక్కన కూర్చోబెట్టుకుందాం. దేవుడు మనలను చేర్చుకున్నదీ ఆ కృపతోనే.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.