సంక్రాంతి వంట - ముందుచూపు

సంక్రాంతి చెప్పకుండ వచ్చు పండుగ కాదు. తక్కిన పండుగలు తిథులనుబట్టి ముందు వెనుక లగుచుండును గాని, సూర్యుడు మకరరాశిలో ప్రవేశించుట ననుసరించి వచ్చు ఈ పండుగ యేటేట జనవరి 14వ తేదీననో 15వ తేదీననో వచ్చును. దానికి ముందు భోగి, వెనుక కనుమ. ఏడాది ముందుగనే తెలిసియున్న ఈ మూడు దినములు వచ్చునప్పటికి, అనేక గృహములందు ఇల్లాలు, చుట్టములు ఆకాశమునుండి యూడిపడినట్లు తత్తరపడుచుండును. అల్లుండ్రును, కూతుండ్రును, మనుమలును విస్తళ్లముందు కూర్చుండి రుచులు మెచ్చుకొనుచుండగా నామె నూనెపొగలో నిలిచియుండును. అందఱును లేచిన పిదప, ఆకలి లేదని చెప్పి యింత మజ్జిగయన్నము తిని చేయి కడుగుకొనును. ఆకలి లేకుండుట నిజమే. తెల్లవారుజాము మొదలు పొయ్యిసెగ నున్నవారికి ఆకలి యెట్లుండును?

దీనిని కొందఱు ఇల్లాలి త్యాగమని మెచ్చుకొందురు. త్యాగము గొప్పదే. కాని యేర్పాటులోని లోపమునకు త్యాగమను పేరు పెట్టుట తగదని మా తలంపు. ఏడాదికొకసారి హైదరాబాదునుండియో బెంగుళూరునుండియో మూడుదినముల సెలవుమీద వచ్చిన కుమార్తె, తల్లితో నొక్కగంట స్థిమితముగా మాటలాడకయే తిరిగి రైలెక్కినచో, ఆ యింట పండుగ జరిగినదని యెట్లు చెప్పగలము?

భారతమున ఆరణ్యపర్వములో ద్రౌపదీ సత్యభామల సంభాషణము సోదరీమణు లెఱుగనిది కాదు. దానిని చెప్పుకొనునపుడు, అందఱు భుజించిన పిదపనే ద్రౌపది భుజించెడిదను మాటనే మనము జ్ఞాపకముంచుకొందుము. అంతఃపురములోని పరిచారకులలో నెవరేమి చేసినదియు, బొక్కసమున కెంత వచ్చినదియు, ఎంత వ్యయమైనదియు ఆమె యెఱిగియుండెడిదను మాట మఱచిపోవుదుము. అంతటి గృహము నామె కేవలము తన రెండుచేతుల కష్టముతో నడుపలేదు, ఎఱుకతో నడిపినది. పండుగ వంటకు గావలసినదియు నదియే. పని యెక్కువైనందున గాక, పనియంతయు నొక్క యుదయమున నొక్క మనిషిపై బడుటచేతనే మనకీ యలసట కలుగుచున్నది.

మేము పండుగ వంటలను నాలుగు తెగలుగా విభజించుకొందుము. నిలువయుండునవి, సగము ముందుగా చేసియుంచదగినవి, అప్పటికప్పుడు చేయవలసినవి, ఇంట చేయ నవసరము లేనివి. ఇట్లు విడదీసి చూచుకొనినచో పండుగనాటికి మిగులు పని యెంత స్వల్పమో తెలియును.

మొదటి తెగలో అరిసెలు, జంతికలు, చక్కిలాలు, తెలంగాణమువారి సకినాలు చేరును. వీనిని పండుగకు వారము పదిదినముల ముందుగనే ముగింపవలయును. అరిసెలకు కొత్తబియ్యము రాత్రియంతయు నానబెట్టి, వడకట్టి, తడి యాఱకముందే పిండి కొట్టించి జల్లింపవలెను. కిలో బియ్యమునకు అరకిలో మొదలు ముప్పాతిక కిలోవరకు బెల్లము పట్టును. పాకము చుక్క నీటిలో వేసినపుడు మెత్తని యుండ కావలెను. పాకము ముదిరిన అరిసె గట్టిపడును. లేతదైన నూనెలో విచ్చిపోవును. వేచినదానిని వెంటనే చెక్కలనడుమ నొత్తి నూనె తీసి, పూర్తిగా చల్లాఱిన పిదపనే డబ్బాలో పెట్టవలయును. వేడిమీద మూతబెట్టినచో ఆవిరి నీరై బూజు పట్టును. సకినాలు బట్టమీద చుట్టి తడి కొంత యాఱిన పిదప వేచునవి గనుక, వానికి నలుగురు స్త్రీలు కూడుట తెలంగాణమున వాడుక. ఈ వాడుక సర్వత్ర అనుసరింపదగినది. ఒకనాడు మా యింట, మఱునాడు పొరుగింట కూడి చేసికొనినచో పనియు తఱుగును, పొద్దును తెలియదు.

రెండవ తెగలో పులిహోర, బొబ్బట్లు ముఖ్యములు. చింతపండు గుజ్జును పసుపు, ఉప్పు, పచ్చిమిరపకాయలతో నూనె పైకి తేలువఱకు ఉడికించియుంచినచో నాలుగుదినములు నిలుచును. బొబ్బట్లకు శనగపప్పు, బెల్లములతో పూర్ణము ముందటి సాయంకాలమే చేసి, చల్లార్చి, ఫ్రిజ్జులో నుంచవచ్చును. పైపిండియు ముందుగా కలిపి నూనెలో నాననిచ్చినచో చక్కగా సాగును. చిక్కుడుకాయలు ఈనె తీయుట, గుమ్మడికాయ తఱుగుట, కొబ్బరి తురుముట, పచ్చిమిరప తొడిమలు తీయుట భోగినాటి రాత్రి నలుగురును మాటలాడుకొనుచు చేయదగిన పనులు. మడి పాటించు గృహములలో నైవేద్యమునకు గావలసిన పొంగలి, పరమాన్నము మాత్రము వేఱుగ ఆ యుదయమే చేసికొందురు గాక.

మూడవ తెగలోనివి యన్నము, పప్పు, పులుసు, గారెలు. కనుమనాడు మినుము తినవలెనని మన పెద్దల మాట. మినపప్పు తెల్లవారుజామున నానబెట్టిన, తొమ్మిది గంటలకు రుబ్బుటకు వీలగును. నీరు చాల తక్కువగా వాడవలయును. ఉప్పు వేచుటకు కొంచెము ముందు కలుపవలెనుగాని, రుబ్బునపుడే వేసినచో పిండి నీరుగారి నూనె త్రాగును. పండుగనాడే గారెలును, బొబ్బట్లును, పులిహోరయు అన్నియు నుండవలెనను పట్టుదల విడిచి, గారెలను కనుమకు వదలుట సగము శ్రమను తప్పించును.

నాలుగవ తెగను గూర్చి చెప్పుటకు కొందఱు సంకోచింతురు. బోర్లించిన కుండమీద పలుచని రేకు తీయుట యేండ్ల యభ్యాసమున వచ్చు విద్య. ఆత్రేయపురము పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టివానిని కొని తెచ్చుకొనుట మన చేతగానితనము కాదు. ఆ పనియందు నేర్పుగల స్త్రీలకు మన మిచ్చు గౌరవము.

మా యింటివారు ఉపాధ్యాయులు. పాఠశాలలో వేళల పట్టిక లేనిదే గంట మ్రోగదు. వంటయింటికి మాత్రమేల యుండరాదని మేమును ఒక పట్టిక వ్రాసి తలుపునకు అంటింతుము. భోజనము పండ్రెండు గంటలకని నిశ్చయించి, అక్కడనుండి వెనుకకు లెక్కింపవలయును. ఎనిమిదింటికి పులిహోర యన్నము వండి పళ్లెరమున పఱచుట, తొమ్మిదింటికి బొబ్బట్లు వత్తి కాల్చుట, పదింటికి పులిహోర కలిపి, పిదప కుక్కరులో పప్పు, రెండవ పొయ్యిమీద కూరలు, పులుసు, పదునొకండుంబావునకు అన్నము. పదునొకండు ముప్పాతికకు పొయ్యి లన్నియు ఆఱవలెను. ఇన్ని వంటకములున్ననాడు మనిషికి 125 గ్రాముల బియ్యము చాలును. 16 మందికి పులిహోరతో గూడ 2 కిలోలు సరిపోవును.

ముందుగా చేయవచ్చును గదా యని వండిన యన్నమును, పప్పును గంటలతరబడి బయట నుంచుట మాత్రము కూడదు. వండిన పదార్థము రెండు గంటలకు మించి బయట నుండరాదనియు, చల్లగా నుంచునవి 5 డిగ్రీలకు లోపలను, వేడిగా నుంచునవి 60 డిగ్రీలకు పైనను ఉండవలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అన్నములో నుడికినను చావని సూక్ష్మజీవుల బీజములు కొన్ని యుండి, వెచ్చదనమున మొలకెత్తి విషము పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. ఇంట పసిబిడ్డలును వృద్ధులును ఉన్నపుడు ఈ జాగ్రత్త మఱింత యవసరము.

ఇక చేతుల మాట. పట్టికలో ప్రతి పనికెదుట నొక పేరుండవలయును. విస్తళ్లు కడుగుట, నీళ్లు పెట్టుట పిల్లలు చేయగలరు. అంగడి సామాను, కొబ్బరికాయలు కొట్టుట, భోజనానంతరము పెద్దగిన్నెలు తోముట పురుషులు చేయగలరు. వంటయిల్లు మగవారికి తగదని యెవరైన ననినచో, నలపాకము, భీమపాకము అను మాటలు వారే కదా పుట్టించినదని మేమడుగుదుము. అజ్ఞాతవాసమున వలలుడై విరటుని వంటశాలలో గరిటె పట్టిన భీముని పరాక్రమమునకు లోటేమి వచ్చినది? అత్తగారు కూర్చున్నచోటనుండి పాకము చూచి చెప్పుటయు గొప్ప సహాయమే. ఆమె నేర్పు కోడండ్రకు దక్కు సమయ మదియే.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి. పట్టికలో చివరి పంక్తిగా, "ఇల్లాలు మొదటి బంతిలో కూర్చుండవలెను" అని వ్రాయవలయును. పదార్థములన్నియు విస్తళ్లనడుమ నుంచి, వంతులవారీగా నిద్దఱు లేచి వడ్డించినచో చాలును. దీనికి అలవాటుపడని పెద్దలు మొదటియేట కొంత వింతగా చూతురు. వారి విస్తరిలో లోటు లేకుండ చూచుకొనినచో రెండవయేట వారే పిలిచి కూర్చుండబెట్టుదురు.

పండుగ ముగిసిన మఱునాడు ఒక చిన్న పుస్తకములో, ఎందఱు భుజించిరి, ఏది యెంత వండితిమి, ఏది మిగిలినది, ఏది చాలలేదు అని నాలుగు పంక్తులు వ్రాసియుంచిన, అది వచ్చు సంవత్సరమునకు దీపమగును. ఒక యింటి యాకలి మఱియొక యింటికి కొలత కాజాలదు గనుక, ఏ వంటపుస్తకముకంటెను ఈ పుస్తకమే మనకు నమ్మదగినది. కుమార్తె కాపురమునకు పోవునపుడు దాని ప్రతి నొకదానిని చీరెసారెలతో నుంచినచో నంతకంటె మంచి కానుక యుండదు.

సంక్రాంతి పంట యింటికి వచ్చిన సంతోషముతో జేయు పండుగ. ఆ సంతోషములో వండిన చేతికిని పాలుండుట న్యాయము. రాబోవు పండుగకు సోదరీమణు లందఱును వేడివేడి బొబ్బట్టును నేతితో, తమవారి ప్రక్కను కూర్చుండి, తీరికగా నారగింతురు గాక.