రేడియోలో పిలుపు వచ్చిందా? ముందు లెక్క చూసుకోండి

పొలం గట్టున ట్రాన్సిస్టర్ పెట్టుకుని వ్యవసాయ కార్యక్రమం విననివారు మనలో తక్కువ. మీ అమ్మాయో, అబ్బాయో ఆ మైకు ముందు కూర్చుంటే సంతోషమే. అయితే ఆడిషన్ పాసైనంత మాత్రాన ఉద్యోగం వచ్చేసిందనుకోకండి.

ఆకాశవాణిలో వ్యవసాయ విభాగాలు 1966లో మొదలయ్యాయి. ఒకప్పుడు అనౌన్సర్లను నెల జీతం మీద తీసుకునేవారు. 1997లో ఆకాశవాణి ప్రసార భారతి కిందికి వచ్చింది. ఆ తర్వాత రిటైరైనవారి స్థానాలు చాలావరకు భర్తీ కాలేదు. ఎంపికైనవారిని క్యాజువల్ ప్యానెల్‌లో చేర్చుకుంటున్నారు. పిలిచిన రోజుకే డబ్బు. అదీ మామూలుగా నెలకు ఆరు డ్యూటీలకు మించదు. పింఛను ఉండదు. పత్తి తీతకు వెళ్లినట్టే, పని ఉన్న రోజే కూలి.

మరి మిగతా రేడియోలో? దేశంలో 2001 నుంచి వచ్చిన ప్రైవేటు ఎఫ్‌ఎంలు పట్టణాలకే పరిమితం. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియో లాంటివి ఊరి గొంతు వినిపిస్తాయి. కాని అవి లాభాపేక్ష లేని చిన్న కేంద్రాలు.

ఆసక్తి ఉంటే పిల్లల్ని పంపండి, వద్దనకండి. శిక్షణ ఫీజుల కోసం మాత్రం పొలం తాకట్టు పెట్టొద్దు. చేతిలో మరో పని ఉంచుకోమనండి. ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో మనకు తెలియంది కాదు కదా!