హెలికాప్టరు పడవను పట్టుకోదు, మరి ఎందుకు వెళ్తుంది?

సూరత్‌లో తెలుగువాళ్లకు సముద్రమంటే ఆదివారం పూట డుమస్ బీచ్. వారమంతా లింబాయత్‌లో సాంచెల చప్పుడు విన్న చెవులకు అక్కడి గాలే పెద్ద విశ్రాంతి. ఆ నీళ్లు దాటి పడమరకు, వాయవ్యానికి పోతే పేపర్లలో తరచూ కనిపించే పేర్లు వస్తాయి: పోర్‌బందర్, ఓఖా, జఖౌ. 'వందల కిలోల మత్తుమందు పట్టివేత' అన్న వార్త వచ్చిన ప్రతిసారీ టీవీలో ఒక హెలికాప్టరు గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దాన్ని చూసి పిల్లలు అడిగే ప్రశ్నలు మంచివే. మనం చెప్పే జవాబులే ఎక్కువగా సినిమాల్లోంచి వస్తాయి.

హెలికాప్టరు నుంచి తాడు పట్టుకుని దిగి దొంగలను పట్టుకుంటారా?

సాధారణంగా కాదు. 2025 మార్చి 31న పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఏం జరిగిందో చూడండి. అనుమానంగా తిరుగుతున్న పడవల గురించి నౌకాదళపు పీ8ఐ విమానం ఐఎన్ఎస్ తర్కశ్ యుద్ధనౌకకు కబురు పంపింది. తర్కశ్ దారి మళ్లించుకుని వెళ్లింది, చుట్టుపక్కల పడవలను ఒక్కొక్కటిగా విచారించింది, చివరికి ధో అనే ఒక చెక్క పడవను ఆపింది. ఆ పడవలోకి ఎక్కి వెతికింది బోర్డింగ్ బృందం, నౌకాదళపు మార్కోస్ కమాండోలు. ఓడ మీది హెలికాప్టరుకు అప్పజెప్పిన పని వేరు. అనుమానమున్న పడవల కదలికల మీద కన్నేసి ఉంచాలి, ఆ ప్రాంతంలో ఇంకెవరైనా ఉన్నారేమో చూడాలి. ఆ ధోలో 2,386 కిలోల హషీష్, 121 కిలోల హెరాయిన్ దొరికాయి.

పట్టుకునేది మనిషి, చేర్చేది పడవ. ఆ రెండూ వచ్చేదాకా కన్ను తిప్పకుండా ఉండటమే హెలికాప్టరు ఉద్యోగం.

ఆ చూసేదేదో ఓడే చూడొచ్చుగా?

భూమి గుండ్రం అన్న సంగతి సముద్రం మీద వెంటనే తెలుస్తుంది. నీటికి 20 మీటర్ల ఎత్తున నిలబడ్డ మనిషికి దిగంతం దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 300 మీటర్ల ఎత్తుకు లేస్తే 60 కిలోమీటర్లు దాటుతుంది. రాడార్‌కు ఇంకాస్త ఎక్కువ. పైగా చెక్క పడవ రాడార్‌కు సరిగ్గా ఆనదు, అలల గజిబిజిలో కలిసిపోతుంది. కాబట్టి దగ్గరికి పోయి చూడక తప్పదు. వంద కిలోమీటర్ల అవతల పడవ ఉందనుకుంటే, గంటకు 45 కిలోమీటర్లు పోయే ఓడకు రెండు గంటల పైనే పడుతుంది. కోస్ట్‌గార్డు వాడే ధ్రువ్ మార్క్ 3 లాంటి హెలికాప్టరు అరగంటలోపే చేరుతుంది.

విమానం ఇంకా ముందే చేరుతుంది కదా అంటే, నిజమే. కానీ అది ఆగలేదు. పడవ వెనక రాసిన పేరు చదవాలన్నా, డెక్ మీద వల ఉందో డీజిల్ డ్రమ్ములు ఉన్నాయో తేల్చుకోవాలన్నా మెల్లగా, కిందుగా, పక్కపక్కనే పోగల యంత్రం కావాలి.

అన్నీ చేపల పడవల్లాగే ఉంటే దొంగ పడవ ఏదో ఎలా తెలుస్తుంది?

ఇది మనవాళ్లకు బాగా దగ్గరి ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వచ్చి పడవల మీద కూలికి పనిచేస్తారు. 2018 చివర్లో పొరపాటున హద్దు దాటి పాకిస్తాన్ చేతికి చిక్కినవాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. 'తండేల్' సినిమాకు మూలం ఆ ఉదంతమే. అలాంటి చేపల పడవ, మత్తు సరుకు మోసే పడవ పైనుంచి చూస్తే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి.

తేడా పనిలో తెలుస్తుంది. వేటకు వచ్చిన పడవలో వల నీళ్లలో ఉంటుంది, లేదా ఆరేసి ఉంటుంది. చేపల మీదికి పక్షులు మూగుతాయి. హెలికాప్టరు వస్తే కుర్రాళ్లు తలెత్తి చూస్తారు, కొందరు చెయ్యి ఊపుతారు. వల పొడిగా ఒక మూల పడి ఉండి, చేపల వాసన పట్టిన పక్షి ఒక్కటీ లేక, హెలికాప్టరు కనిపించగానే పడవ గిరుక్కున తిరిగిందంటే అనుమానించాల్సిందే. ముక్కు దగ్గరి రాడార్, పగలూ రాత్రీ పనిచేసే కెమెరా ఇదంతా పట్టి ఇస్తాయి. స్మగ్లర్లు పాడుచేసేది మొదట సాక్ష్యాన్నే కనుక ఆ కెమెరా రికార్డుకు చాలా విలువ. దొరికిపోతామనుకుంటే సంచులు నీళ్లలోకి విసిరేస్తారు. కచ్ సముద్రపు పాయల్లో అప్పుడప్పుడు, 2023 ఆగస్టులో వల్సాడ్ వైపు ఇసుక మీద చరస్ పొట్లాలు కొట్టుకొచ్చాయి. వాటిని విసిరిన చెయ్యి ఎవరిదో ఇసుకను చూసి ఎవరు చెప్పగలరు?

గాలిలో ఎంతసేపైనా నిలబడగలదా?

లేదు. చూసేవాళ్లకు తేలికగా కనిపించేదే దానికి అన్నిటికన్నా కష్టం. బావిలో ముందుకు ఈదడం కన్నా ఉన్నచోటే తేలుతూ నిలబడితే తొందరగా అలుపొస్తుంది. హెలికాప్టరుదీ అదే సంగతి. ముందుకు పోతున్నప్పుడు రెక్కలకు ఎప్పటికప్పుడు కదలని కొత్త గాలి దొరుకుతుంది. ఉన్నచోటే నిలిస్తే తాను కిందికి తోసిన గాలిలోనే తాను నిలబడాలి. దానికి మధ్యస్తపు వేగంతో పోవడం కంటే ఎక్కువ శక్తి, ఎక్కువ ఇంధనం కావాలి. మే నెల గుజరాత్ ఎండలో గాలి పల్చబడితే ఇంకా కష్టం. అందుకే అనుభవమున్న పైలట్ పడవ నెత్తిన నిలబడడు. పక్కగా వలయం తిరుగుతాడు. నిలవాల్సి వస్తే ముక్కును గాలికి ఎదురుగా పెడతాడు, ఆ గాలే కొంత బరువు మోస్తుంది.

మరీ వేగంగా కూడా పోలేదు. తిరిగే రెక్క కొన సుమారు సెకనుకు 200 మీటర్లు కదులుతుందనుకుందాం. హెలికాప్టరు సెకనుకు 70 మీటర్లు, అంటే గంటకు 250 కిలోమీటర్లు ముందుకు పోతే ఒకవైపు రెక్కకు తగిలే గాలి 270, వెనక్కి వచ్చే రెక్కకు 130. వెనక్కి వచ్చే రెక్కకు తేలించే శక్తి తగ్గిపోతుంది. ఇంకా తోస్తే అది పట్టు తప్పుతుంది. హెలికాప్టర్లు విమానాలతో పోటీ పడకపోవడానికి అసలు కారణం ఇదే, ఇంజిన్ చాలక కాదు.

రాత్రి ఎలా?

చంద్రుడు లేని రాత్రి సముద్రం మీద ఆకాశం, నీళ్లు రెండూ ఒకటే నలుపు. చేపల పడవల దీపాలు నక్షత్రాల్లా ఉంటాయి, నక్షత్రాలు దీపాల్లా ఉంటాయి. చెవి లోపలి తూకం అబద్ధం చెబుతుంది, ఒరిగిపోతున్నా నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. పైలట్ తన ఒంటిని నమ్మకుండా ముందున్న పరికరాలనే నమ్మాలి. సరుకు చేతులు మారడానికి చీకటిని ఎంచుకునేవాళ్లకు ఈ సంగతి తెలుసు.

అమెరికావాళ్లలాగా ఇంజిన్‌ను కాల్చి ఆపొచ్చుగా?

అమెరికా కోస్ట్‌గార్డుకు ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో హిట్రాన్ అనే ప్రత్యేక స్క్వాడ్రన్ ఉంది. 1998లో మొదలైంది. ముందు మెషిన్‌గన్‌తో హెచ్చరికగా పడవ ముందు నీళ్లలోకి కాలుస్తారు. ఆగకపోతే పెద్ద రైఫిల్‌తో ఇంజిన్‌నే పగలగొడతారు. అక్కడి స్మగ్లర్లవి సన్నటి వేగపు పడవలు, ఇంజిన్లు వెనక బయటే వేలాడుతుంటాయి కాబట్టి గురి కుదురుతుంది. అరేబియా సముద్రపు ధోలో డీజిల్ ఇంజిన్ పడవ కడుపులో ఉంటుంది. దాన్ని కాల్చాలంటే చెక్కను చీల్చాలి, లోపలి మనుషుల మీద గురి పెట్టాలి, సాక్ష్యాన్ని ముంచాలి. ఆ పద్ధతి ఇక్కడికి తేవాలనడం నాకు తొందరపాటుగానే తోస్తుంది.

మన కోస్ట్‌గార్డు హెలికాప్టర్లు రెండు ఎందుకు కూలాయి?

ఉప్పుగాలి, కదిలే డెక్, చీకటి: సముద్రం మీద ఎగరడానికి ఇవి మామూలు పరిస్థితులే. పోర్‌బందర్‌లో 2022 జూన్‌లో ధ్రువ్ మార్క్ 3లతో కోస్ట్‌గార్డు 835 స్క్వాడ్రన్ మొదలైంది. 2024 సెప్టెంబరు 2 రాత్రి, 'హరి లీల' అనే ట్యాంకరులో గాయపడ్డ నావికుణ్ణి తీసుకురావడానికి వెళ్లిన ధ్రువ్ సముద్రంలో పడింది, నలుగురిలో ముగ్గురు పోయారు. 2025 జనవరి 5న పోర్‌బందర్ విమానాశ్రయంలోనే మరొకటి కూలి ముగ్గురు చనిపోయారు. ఆ రెండోదాంట్లో స్వాష్‌ప్లేట్ అనే భాగం విరిగినట్టు ప్రాథమిక విచారణలో బయటపడింది. పైలట్ చేతిలోని కర్ర తిరగదు, నెత్తిమీది రెక్కలు తిరుగుతాయి. కర్ర కదలికను రెక్కల వాలుగా మార్చి పైకి అందించేది ఆ పళ్లెమే. అది విరిగితే పైలట్ ఎంత నేర్పరైనా చేయగలిగింది ఉండదు. ఆ తర్వాత ధ్రువ్‌లన్నిటినీ కొంతకాలం ఎగరకుండా నేల మీద నిలిపేశారు.

అవి నేల మీదున్న రోజుల్లోనే, 2025 ఏప్రిల్ 12, 13 తేదీల మధ్య రాత్రి గుజరాత్ ఉగ్రవాద నిరోధక దళం (ఏటీఎస్) ఇచ్చిన కబురుతో కోస్ట్‌గార్డు ఓడ ఒక పడవను తరిమింది. పడవవాళ్లు సరుకంతా నీళ్లలో పారేసి సముద్ర సరిహద్దు దాటి పారిపోయారు. 300 కిలోలకు పైగా మత్తుమందును చీకట్లో చిన్న పడవ దింపి ఏరుకోవలసి వచ్చింది. పైన హెలికాప్టరు ఉంటే మనుషులు కూడా దొరికేవారా? ఖాయంగా చెప్పలేం. హద్దు గీత ఓడకెంతో హెలికాప్టరుకూ అంతే.

మరి హెలికాప్టర్లు పెంచితే మత్తు రాదా?

2021 సెప్టెంబరులో కచ్‌లోని ముంద్రా రేవులో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. అది చీకట్లో చెక్క పడవలో రాలేదు. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి రెండు కంటైనర్లలో, టాల్క్ రాళ్లన్న పేరుతో, పద్ధతిగా కాగితాలతో వచ్చింది. దిగుమతిదారుగా రాసున్న సంస్థ చిరునామా విజయవాడది. దాన్ని పట్టుకున్నది రేవులో కాగితాలు తిరగేసి, తలుపులు తెరిపించిన రెవెన్యూ నిఘా విభాగం (డీఆర్ఐ) అధికారులు.