బిడ్డతో విదేశానికి, స్నేహితురాలి పెళ్ళికి

స్నేహితురాలి పెళ్ళంటే ఎవరికి వెళ్ళాలని ఉండదు? పక్క ఊళ్ళో పెళ్ళయితే చీర మార్చుకుని, బిడ్డను చంకనెత్తుకుని బస్సెక్కుతాం. అదే పెళ్ళి వేరే దేశంలో జరిగితే? "మనవల్ల ఏమవుతుందిలే" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగక్కరలేదు. ఏ కాగితం ఎందుకో తెలిస్తే వెళ్ళిరావచ్చు. ఆ కాగితాలు చదవటం ఇప్పుడు మనకు వచ్చు కదా!

మలేషియా సంగతే తీసుకుందాం. నూరేళ్ళకు పైగా అక్కడ తెలుగువాళ్ళు ఉన్నారు. తెల్లదొరల కాలంలో రబ్బరు తోటల్లో పనికి మనవాళ్ళు ఓడలెక్కి వెళ్ళారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మీతో చదువుకున్న అమ్మాయి ఉద్యోగానికి అక్కడికి వెళ్ళింది. అక్కడి తెలుగు అబ్బాయిని చేసుకుంటోంది. "పాపను తీసుకుని రావే" అని మిమ్మల్ని పిలిచింది అనుకోండి. ఇప్పుడు ఏం చేయాలి?

బిడ్డకూ సొంత పాస్‌పోర్టు

పరాయిదేశం వెళ్ళాలంటే పాస్‌పోర్టు ఉండాలి. "ఈమె భారతదేశపు మనిషి" అని మన ప్రభుత్వం ఇచ్చే చిన్న పుస్తకమే పాస్‌పోర్టు. పూర్వం తల్లి పాస్‌పోర్టులోనే బిడ్డ పేరు కూడా రాసేవారు. ఇప్పుడు అలా కుదరదు. చంటిబిడ్డకైనా వేరే పాస్‌పోర్టు తీసుకోవాలి. మన ఒడిలో ఉన్నా, కాగితం మీద బిడ్డ వేరే మనిషి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

పాస్‌పోర్టుకు కంప్యూటరులో దరఖాస్తు పెట్టాలి. మీకు చేతకాకపోతే చదువుకున్న పిల్లల చేత పెట్టించండి. తరువాత చెప్పిన రోజున పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళాలి. కొన్ని ఊళ్ళలో పోస్టాఫీసులోనే ఈ కేంద్రం ఉంటుంది. బిడ్డను కూడా వెంట తీసుకెళ్ళాలి. 4 ఏళ్ళలోపు బిడ్డకు తెల్లని వెనుకభాగం ఉన్న ఫోటో పట్టుకెళ్ళాలి.

పెద్దవాళ్ళ పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, పిల్లలకు 1,000 రూపాయలు రుసుము. 8 ఏళ్ళలోపు పిల్లలకు నూటికి 10 రూపాయలు తగ్గిస్తారు. కట్టేముందు ఒకసారి అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్ళ పాస్‌పోర్టు 10 ఏళ్ళు చెల్లుతుంది. 15 ఏళ్ళలోపు బిడ్డది 5 ఏళ్ళే. కాబట్టి ఇంట్లో పాతది ఉంటే దాని మీద తేదీ చదవండి. మలేషియా చేరేనాటికి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి.

పుట్టిన పత్రం, ఇంటిపేరు

బిడ్డ పాస్‌పోర్టుకు ముఖ్యమైనది జనన ధ్రువీకరణ పత్రం. 2023 అక్టోబర్ 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా ఈ ఒక్క పత్రాన్నే ఒప్పుకుంటారు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఏ ఇబ్బందీ ఉండదు.

పత్రం చేతికి రాగానే అక్షరం అక్షరం చదవండి. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరుతోనే చిక్కు. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇంకోదానిలో పొడి అక్షరమే ఉంటుంది. తల్లి పేరు ఆధార్‌లో ఒకరకంగా, బిడ్డ పత్రంలో ఇంకోరకంగా ఉంటుంది. ఇలా ఉంటే కేంద్రంలో వెనక్కి పంపుతారు. ముందే సరిచేయించుకోవాలి. ఇంకో మాట. పెళ్ళయింది కాబట్టి ఆడవాళ్ళు ఇంటిపేరు మార్చుకుని తీరాలన్న నియమం పాస్‌పోర్టుకు లేదు.

నాన్న సంతకం లేకపోతే?

బిడ్డ పాస్‌పోర్టుకు మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇద్దరికీ ఇష్టమే అని చెప్పే కాగితం అది. మరి భర్త వదిలేసి వెళ్ళిపోతే? ఎక్కడున్నాడో తెలియకపోతే? భర్త పోయిన తల్లి ఏం చేయాలి?

అలాంటి తల్లికీ దారి ఉంది. ఒక్క తల్లే సంతకం పెట్టి ఇచ్చే వేరే పత్రం ఉంది. తండ్రి సంతకం ఎందుకు లేదో అందులో రాయాలి. భర్త చనిపోతే మరణ పత్రం జతచేయాలి. 2016 డిసెంబరులో వచ్చిన మార్పుతో దరఖాస్తులో తల్లి పేరు ఒక్కటే రాసినా చాలు. "తండ్రి లేకుండా కుదరదమ్మా" అని దళారీ ఎవరైనా అంటే నమ్మి డబ్బు ఇవ్వకండి. 1800-258-1800 నంబరుకు ఫోను చేసి అడగండి. ఆ ఫోనుకు డబ్బు పడదు.

తండ్రి ఇంటి దగ్గరే ఉండి, మీరు బిడ్డతో వెళ్తుంటే ఒక అంగీకార పత్రం రాయించుకోండి. "ఈ బిడ్డను ఎవరు తీసుకెళ్తున్నారు?" అని విమానాశ్రయంలో అడిగితే చూపించవచ్చు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఉన్నారు కాబట్టే అలా అడుగుతారు. కోపం తెచ్చుకోకూడదు. పత్రం ఇలా ఉంటే చాలు:

"నా పేరు ............ . నా కూతురు ............ , వయసు ...... ఏళ్ళు. పాస్‌పోర్టు నంబరు ............ . ఈమె తన తల్లి ............ తో కలిసి ............ తేదీ నుంచి ............ తేదీ వరకు మలేషియాకు పెళ్ళికి వెళ్తున్నది. ఇది నాకు ఇష్టమే. నా ఫోను నంబరు ............ . సంతకం."

దీన్ని ఇంగ్లీషులో కూడా రాయించి, తండ్రి ఆధార్ నకలు జతచేయండి. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో కోర్టు తీర్పు ఇచ్చి ఉంటే ఆ తీర్పు నకలు వెంట ఉంచుకోండి.

పాస్‌పోర్టు మీద ఈ.సి.ఆర్. అని ఉంటే

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద "ఈ.సి.ఆర్." అని ఉంటుంది. మనలో చాలామందికి అలాగే వస్తుంది. అది తప్పూ కాదు, శిక్షా కాదు. చదువు తక్కువ ఉన్నవాళ్ళను పని పేరుతో మోసం చేయకుండా 1983 చట్టం పెట్టిన కాపలా అది. గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు వీళ్ళు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పెళ్ళికి, చుట్టపుచూపుకు వెళ్ళేవారికి ఆ అనుమతి అక్కర్లేదు. 2007 అక్టోబర్ 1 నుంచి ఈ పద్ధతి ఉంది. తిరుగు టికెట్టు మాత్రం చూపించాలి.

ఇక్కడే జాగ్రత్త పడాలి. "పెళ్ళికని వెళ్ళు. అక్కడ ఇంటిపని చూపిస్తాం. ఉండిపో" అని చెప్పేవాళ్ళు ఉంటారు. చుట్టపుచూపుగా వెళ్ళి పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయటానికి భయపడాలి. పట్టుబడితే జైలు. వెంట ఉన్న బిడ్డ గతి ఏమిటి? అందుకే మీ పాస్‌పోర్టు, బిడ్డ పాస్‌పోర్టు దాచిపెడతామని ఎవరడిగినా ఇవ్వకండి. మీ సంచిలోనే ఉంచుకోండి.

వీసా, టికెట్టు

ఆ దేశం మనల్ని రానిచ్చే అనుమతిని వీసా అంటారు. 2023 డిసెంబర్ 1 నుంచి మలేషియా భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఈ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 వరకు అని ప్రకటించారు. ఆ తరువాత వెళ్ళేవారు మళ్ళీ కనుక్కోవాలి. వీసా లేకపోయినా, చేరడానికి ముందు 3 రోజుల్లోగా కంప్యూటరులో వివరాల పత్రం నింపాలి. బిడ్డకు కూడా వేరేగా నింపాలి. దీనికి ప్రభుత్వానికి డబ్బు కట్టక్కరలేదు.

అక్కడ దిగాక "ఎందుకొచ్చారు? ఎక్కడుంటారు? ఎప్పుడు వెళ్తారు?" అని అడుగుతారు. శుభలేఖ, స్నేహితురాలి చిరునామా, తిరుగు టికెట్టు, ఖర్చుకు డబ్బు చూపించాలి. చూశారా, శుభలేఖ కూడా ఒక పత్రమే!

2 ఏళ్ళలోపు బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. టికెట్టు తక్కువ ఉంటుంది. 2 ఏళ్ళు నిండితే సీటు కొనాలి.

ప్రయాణం రోజు

3 గంటల ముందే విమానాశ్రయానికి చేరండి. కత్తెర, చాకు చేతిసంచిలో పెట్టకూడదు. పచ్చళ్ళు, నూనె పిండివంటలు గట్టిగా కట్టి పెద్ద పెట్టెలో వేయండి. బిడ్డ పాలు, ఆహారం, మందులు చేతిసంచిలోనే ఉంచుకోవచ్చు. మందులకు డాక్టరు చీటీ ఉండాలి.

బంగారు నగలు ఎక్కువ పెట్టుకుని వెళ్తుంటే, వెళ్ళేముందే కస్టమ్స్ అధికారికి చూపించి పత్రం రాయించుకోండి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు "ఇవి అక్కడ కొన్నారా?" అని సుంకం అడగవచ్చు.

"ఈ పొట్లం మావాళ్ళకు ఇవ్వమ్మా" అని ఎవరిచ్చినా తీసుకోకండి. అందులో మత్తుమందు ఉంటే నేరం మీ మీద పడుతుంది. మలేషియాలో ఆ నేరానికి మరణశిక్ష కూడా పడవచ్చు.

విమానం దిగేటప్పుడు పిల్లలకు చెవులు నొప్పి పుడతాయి. చంటిబిడ్డకు పాలివ్వండి. పెద్దపిల్లలకు నీళ్ళు గుక్క గుక్కగా తాగించండి. మింగుతుంటే నొప్పి తగ్గుతుంది.

హైదరాబాదు నుంచి కౌలాలంపూరుకు సుమారు 4 గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. ముహూర్తం ఉదయం 9 గంటలకంటే అది అక్కడి 9. అప్పుడు మన ఊళ్ళో ఆరున్నరే. దిగగానే గడియారం మార్చుకోండి. లేకపోతే తాళి కట్టేశాక చేరతారు!

తప్పిపోతే, పోగొట్టుకుంటే

పెళ్ళిజనంలో పిల్లలు తప్పిపోవటం మామూలే. చీటీ మీద మీ పేరు, స్నేహితురాలి ఫోను నంబరు, ఇంటి చిరునామా ఇంగ్లీషులో రాసి బిడ్డ జేబులో పెట్టండి. అక్కడ ఆపదకు పిలిచే నంబరు 999. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసులకు చెప్పాలి. వాళ్ళిచ్చిన కాగితంతో కౌలాలంపూరులోని భారత హైకమిషన్‌కు వెళ్ళాలి. ఇంటికి తిరిగి రావటానికి వాళ్ళు పత్రం ఇస్తారు. పాస్‌పోర్టు నకలు వేరే సంచిలో ఉంటే ఈ పని త్వరగా అవుతుంది.

ఈ కాగితాలన్నీ ఒక కవరులో పెట్టుకోండి. ఏది ఏమిటో మీకే తెలిసి ఉండాలి. ఇంకొకరి మీద ఆధారపడితే, వాళ్ళు పక్కన లేనప్పుడు ఇబ్బంది మనకూ, మన బిడ్డకూ.

చదివారా? జవాబు చెప్పండి

1. చంటిబిడ్డకు వేరే పాస్‌పోర్టు ఎందుకు కావాలి?
2. తండ్రి సంతకం దొరకని తల్లి ఏం చేయాలి?
3. చుట్టపుచూపుగా వెళ్ళి పని చేస్తే ఏమవుతుంది?
4. మీ బిడ్డ జనన పత్రం తీసి చదవండి. ఆధార్‌లో ఉన్న పేరు, ఇందులో ఉన్న పేరు ఒక్కటేనా?