విద్యుచ్ఛక్తియు, విహారనౌకలును

జనగామ స్టేషనులో నిలిచి చూచువారికి విద్యుత్తుతో నడచు ఇంజను నేడు వింత కాదు. మహబూబాబాదు మీదుగా పోవు మార్గమున 1980ల కడపటను, జనగామ మీదుగా పోవు మార్గమున 1990ల మొదటను తీగలు వెలసినవి. భూపాలపల్లి చెంత చెల్పూరున కాకతీయ విద్యుత్కేంద్రము 1,100 మెగావాట్ల శక్తితో బొగ్గును విద్యుత్తుగా మార్చుచున్నది. శక్తి పుట్టుచోటు వేరు, వినియోగమగు చోటు వేరు. ఈ రెంటిని ఒక్క ఓడ గర్భమున ఇమిడ్చినచో అదియే నేటి విహారనౌక. అందు డీజిలు యంత్రములు విద్యుత్తును పుట్టించును; ఆ విద్యుత్తే మోటారుల ద్వారమున నీటిలోని పెద్ద పంకాలను త్రిప్పును; దీపములకును వంటశాలకును అదియే ఆధారము.

విశాఖపట్నమున 2023లో విహారనౌకల రేవు ప్రారంభమైనది. మన జిల్లాల కుటుంబములును అట్టి ఓడల నెక్కు దినములు వచ్చినవి. కావున ఈ యంత్రములు నమ్మదగినవియా యను ప్రశ్న మనకు పరాయిది కాదు.

మోటారు నమ్మదగినదే యని మా యభిప్రాయము. ఒక జనరేటరు చెడినను తక్కినవి ఓడను నడుపగలుగుట ఈ పద్ధతియందలి గొప్ప మేలు. అయితే అన్నింటికిని ఒక్కటే లోపమున్నచో ఎన్ని యంత్రములుండియు ప్రయోజనమేమి?

2019 మార్చి 23న నార్వే తీరమున వైకింగ్ స్కై యను నౌకకు తుపానులో శక్తి యంతయు నొక్కసారిగా నిలిచిపోయెను. నాలుగు జనరేటరులలో ఒకటి అంతకుముందే మూలబడియుండెను. తక్కిన మూడింటి నూనెతొట్లలో నూటికి 28 నుండి 40 పాళ్లే నూనె యుండెను. ఉండవలసినది 68 నుండి 75 పాళ్లు. ఓడ ఊగినంతనే నూనె యందక యంత్రములు తమంతట ఆగినవి. అందు 1,370 మందికి పైగా ప్రాణులు! ఓడ పొడవంత దూరమున బండలు తప్పినవి. హెలికాప్టరులతో వందలమందిని పైకి లాగి రక్షింపవలసివచ్చెను.

2010 సెప్టెంబరు 23న బార్సిలోనా చేరువను క్వీన్ మేరీ 2 నౌకలో ఒక కెపాసిటరు పగిలి, ఓడ సుమారు గంటసేపు చలనము లేక తేలియాడెను. ముందుగా హెచ్చరింపవలసిన పరికరము ఏండ్ల తరబడి పనిచేయుట లేదని విచారణలో తేలినది. కావలివాడు నిద్రించియుండగా కోటగోడ యెంత యెత్తున్ననేమి?

ఇది సముద్రమునకే చెల్లు పాఠము కాదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నెల నడుమ వరదకు పట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయెను. ఇంజనులు చెడలేదు. చెల్పూరు మాసిపోలేదు. అయినను బండ్లు నిలిచినవి. ప్రయాణికులు నడుమ స్టేషనులలో చిక్కుకొనిరి. రైల్వే కూలీలు రేయింబవళ్లు పనిచేసి కొలది దినములలో మార్గమును నిలబెట్టుట మెచ్చదగినది. కాని బండి ఆగినచో ప్రయాణికుడు నేలమీద దిగగలడు. ఓడ ఆగినచో గాలి యెటు త్రోసిన నటు పోవలసినదే. భూమిమీద ఒక కేంద్రము నిలిచిన మరియొక కేంద్రము ఆదుకొనును. నడిసముద్రమున ఓడకు పొరుగు లేదు.

పూర్వపు ఆవిరియోడలే మేలని నిట్టూర్చుట వ్యర్థము. క్వీన్ ఎలిజబెత్ 2 నౌక 1987లో ఆవిరిని విడిచి విద్యుత్తు నాశ్రయించినది. లోకము వెనుకకు పోదు. ఓడల యజమానులు చూపవలసినది హంగులు కాదు, తనిఖీ పుస్తకము. నూనె కొలత యెంత, హెచ్చరిక గంట మ్రోగునా, ఒక యంత్రము మూలబడియుండగా తుపానులోనికి పయనమేల యని అడుగు హక్కు టిక్కెట్టు కొన్నవానికి గలదు. మన రైలుమార్గముల వంతెనల, కల్వర్టుల విషయమునను ఇట్లే వర్షములకు ముందే అడుగవలెను.

తన బావిమోటారునకు నూనె, తీగె, ఫ్యూజు చూచుకొనక నీరు రాలేదని మోటారును తిట్టు రైతును మనము నవ్వుదుము. వేలమంది ప్రాణములు మోయు ఓడల విషయమున నవ్వుటకు వీలులేదు.